గురి తప్పని చేయి, మచ్చపడని పేరు
(ఆనీ ఓక్లీ జీవిత కథ)

వస్తువును తయారుచేయువాడు దానికి గుణమును ఇయ్యగలడు గాని పేరును ఇయ్యలేడు. పేరు బజారులో పుట్టవలెను. పదిమంది కన్నుల ఎదుట, మరియొకరి చేతిలో ఆ వస్తువు నిలిచి చూపవలెను. మన మార్కాపురము పలకకు పేరు వచ్చినది గోడలమీది ప్రకటనల వలన కాదు. దానిమీద ఓనమాలు, అలిఫ్ బే దిద్దుకొన్న పసిచేతుల వలన వచ్చినది. 19వ శతాబ్దపు ఉత్తరార్ధములో అమెరికా, ఇంగ్లండు దేశముల తుపాకి తయారీదారులు ఈ సత్యమును చక్కగ గ్రహించినారు. తమ తుపాకులకు పేరు తెచ్చిపెట్టగల చేతులకొరకు వారు దేశమంతట వెదకినారు. అట్టి చేతులలో మిక్కిలి ప్రసిద్ధి గాంచినవి ఒక నిరుపేద ఇంటి ఆడపిల్లవి. లోకము ఆమెను ఆనీ ఓక్లీ అని పిలిచినది.

కళాశాల వార్షిక సంచికలో తుపాకి పట్టిన స్త్రీ కథ ఏల అని పెద్దలు ప్రశ్నింపవచ్చును. తుపాకిని పొగడుట మా ఉద్దేశము కాదు. పేదరికములో పుట్టి, ఒక విద్యను సాధించి, ఆ విద్యను పదిమంది వ్యాపారులు తమ సరుకు అమ్ముకొనుటకు వాడుకొనుచున్నను తన పేరును మాత్రము ఎవరికిని అమ్మని ఒక స్త్రీ చరిత్రను మన విద్యార్థినీ విద్యార్థుల ముందుంచుటయే మా ఉద్దేశము.

మన ప్రాంతములో ఇట్టి పోటీలు ఏల పుట్టలేదను ప్రశ్న సహజముగ వచ్చును. గురి మనవారికి క్రొత్త కాదు. నల్లమల చెంచులు విల్లంబులతో గురి చూచుట తరతరములుగ ఎరిగినవారు. హైదరాబాదు ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ గొప్ప గురికాడని, పెద్దపులుల వేటలో దిట్టయని ఖ్యాతి పొందినాడు. కాని నాడు కర్నూలు జిల్లాలో, మద్రాసు రాజధానిలో చేరియుండిన మార్కాపురము, కంభము, గిద్దలూరు సీమల సామాన్యునకు తుపాకి అందరాని వస్తువు. లిట్టన్ ప్రభువు పాలనలో వచ్చిన 1878 నాటి ఆయుధ చట్టము భారతీయుడు లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనరాదని శాసించినది. లండను తయారీదారులకు మన దేశములో కొనుగోలుదారులు రాజులు, జమీందారులు, దొరలు మాత్రమే. అమెరికాలో అట్లు కాదు. అక్కడ ప్రతి సేద్యగాడును ఒక తుపాకి కొనగలవాడే. అందువలన అక్కడి తయారీదారుడు సామాన్య జనుల మెప్పు పొందవలసి వచ్చినది. పోటీల మైదానము అందులకు మార్గమైనది.

ఆనీ 1860వ సంవత్సరము ఆగస్టు 13వ తేదీన ఒహాయో రాష్ట్రములోని డార్క్ కౌంటీ అను వ్యవసాయ ప్రాంతములో జన్మించినది. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఫీబీ ఆన్. తండ్రి జేకబ్, తల్లి సూసన్ క్వేకర్ మతశాఖకు చెందినవారు. ఆ శాఖవారు యుద్ధమును, ఆడంబరమును నిరసించుదురు. ధాన్యము మరపట్టించుటకు పోయిన తండ్రి తిరుగు ప్రయాణములో మంచు తుఫానులో చిక్కుకొని, జబ్బుపడి, 1866లో కన్నుమూసినాడు. ఆనీకి అప్పటికి ఆరేండ్లు నిండలేదు. ఇంటినిండ పిల్లలు, రాబడి చూడబోతే శూన్యము. గోడకు తగిలించియున్న తండ్రి పాత తుపాకి ఒక్కటే ఆ ఇంటికి మిగిలిన ఆస్తి. ఎనిమిదేండ్ల ప్రాయమున ఆ బాల దానిని క్రిందికి దింపి, మొదటి వేట కొట్టి, తల్లి చేతికి తెచ్చి ఇచ్చినది.

కాని ఆ తుపాకి అప్పటికప్పుడే ఇల్లు గడపలేదు. తొమ్మిది పది ఏండ్ల వయస్సులో ఆమెను జిల్లా అనాథశరణాలయమునకు పంపవలసి వచ్చినది. అక్కడి అధికారి భార్య ఆమెకు కుట్టుపని నేర్పినది. ఆ విద్య జీవితాంతము అక్కరకు వచ్చినది. తరువాతి కాలములో ఆమె తన ప్రదర్శన దుస్తులను తానే కుట్టుకొనెడిది. కొలదికాలమునకు ఒక సేద్యపు కుటుంబమువారు చదువు చెప్పింతుమని, జీతము ఇత్తుమని నమ్మబలికి ఆమెను తీసికొనిపోయినారు. చదువు లేదు, జీతము లేదు. తెల్లవారక ముందు మొదలైన చాకిరి అర్ధరాత్రి వరకు, దానికి తోడు దెబ్బలు. సుమారు రెండేండ్లు ఆ బాధ పడి ఆమె పారిపోయి వచ్చినది. తరువాత ఎంత కీర్తి వచ్చినను ఆ కుటుంబము పేరును ఆమె ఎన్నడును బయటపెట్టలేదు. తోడేళ్లు అను మాటతోనే వారిని తలచుకొనెడిది. పేరునకు ఎంత విలువ గలదో, దానిని బజారున పెట్టుట ఎట్టిదో ఆమె ఆ చిన్న వయస్సుననే ఎరిగినట్లు తోచును.

ఇల్లు చేరిన ఆనీ మరల తుపాకి పట్టినది. ఈసారి అది ఆటగ కాక వృత్తిగ సాగినది. అడవిలో కొట్టిన పిట్టలను, కుందేళ్లను గ్రీన్‌విల్ పట్టణపు దుకాణమునకు అమ్మెడిది. అక్కడినుండి ఆ సరుకు సిన్‌సినాటి నగరపు హోటళ్లకు పోయెడిది. ఆమె వేట తలకు తగులును గాని ఒంటికి తగులదు. మాంసములో సీసపు గుండ్లు పంటికి అడ్డురావు. కనుక హోటళ్లవారు ఆమె సరుకును కోరి కొనెడివారు. తోటాకు డబ్బు పెట్టవలెను. గురి తప్పినచో ఆ డబ్బు వృథా. పేదరికమే ఆమెకు గురి నేర్పిన గురువు. 15 ఏండ్ల వయస్సులో, తల్లి ఇంటిపై ఉన్న 200 డాలర్ల తాకట్టును ఆ సంపాదనతోనే ఆమె తీర్చివేసినది.

ఇక్కడ కథను కొంత ఆపి, ఆమె అడుగుపెట్టనున్న లోకమును గూర్చి చెప్పవలసియున్నది. పిట్టలవేటకు వాడు తుపాకి రైఫిలు వంటిది కాదు. రైఫిలు ఒక్క గుండును దూరమునకు పంపును. పిట్టల తుపాకి గొట్టము లోపల నునుపుగ నుండును; దానినుండి చిన్న సీసపు గుండ్లు వందలకొలది ఒక్కసారిగ వెడలి, దూరము పోయినకొలది విరియును. మరీ విరిసినచో పిట్ట సందున తప్పించుకొనును. గొట్టపు మూతిని కొంచెము ఇరుకు చేసినచో గుండ్లు దట్టముగ పోవునని తయారీదారులు కనుగొన్నారు. ఇంగ్లండులోని బర్మింగ్‌హాము నగరపు తయారీదారు డబ్ల్యు. డబ్ల్యు. గ్రీనర్ ఈ పద్ధతిని అభివృద్ధిపరచినాడు. 1875లో లండను పత్రిక ది ఫీల్డ్ జరిపించిన బహిరంగ పరీక్షలో అతని తుపాకులు విజయము సాధించినవి. తన సరుకు మంచిదని వ్యాపారి తానే చెప్పుకొన్నచో వినువారు తక్కువ. పోటీలో ఋజువైన దానిని పత్రికలే ఊరూర చాటును. గ్రీనర్ విజయము ఇతర తయారీదారులందరికి గుణపాఠమైనది.

ట్రాప్ షూటింగ్ అను ఆట ఇంగ్లండులో 18వ శతాబ్దపు చివర పుట్టినది. పెట్టెలో పావురమును ఉంచి, త్రాడు లాగగానే మూత తెరచుకొని అది ఎగిరిపోవుచుండగ కొట్టుటయే ఆ ఆట. అమెరికాలో ఈ పోటీలకు అడవి పావురములు వేలకొలది బలియైనవి. ఒకప్పుడు ఆకాశమును కప్పివేయునంతటి గుంపులుగ ఎగిరిన ఆ జాతిని వేటగాండ్రు, మాంసపు వ్యాపారులు, పోటీలవారు కలసి నిర్మూలించినారు. ఆ జాతిలో కడపటి పావురము 1914 సెప్టెంబరు 1వ తేదీన సిన్‌సినాటి జంతుప్రదర్శనశాలలో మరణించినది. ఆనీ కూడ బ్రతికియున్న పావురముల పోటీలలో పాల్గొన్నది. ఈ విషయమును దాచుట చరిత్రకు న్యాయము కాదు.

పావురములు తరిగిపోవుట, జీవహింసకు నిరసన పెరుగుట అను రెండు కారణముల వలన కృత్రిమ లక్ష్యములు వచ్చినవి. మొదట గాజు బంతులు వచ్చినవి. కెప్టెన్ ఆడమ్ బొగార్డస్ అను ప్రసిద్ధ గురికాడు వానిని విసరు యంత్రమునకు 1877లో పేటెంటు పొందినాడు. పిదప 1880లో సిన్‌సినాటి వాసి జార్జి లిగౌస్కీ కాల్చిన మట్టితో సాసరు వంటి బిళ్లను చేసినాడు. నీటిమీద చిప్పలు విసరుచున్న పిల్లలను చూచి అతనికి ఈ ఊహ తట్టినదని చెప్పుదురు. కంభము చెరువు గట్టున పెంకులతో కప్పగంతులు వేయించు మన బాలురకు దాని చలనమును వేరుగ వివరింపనక్కరలేదు. ఆ బిళ్లకు మట్టి పావురము అని పేరు వచ్చినది.

ఆ పేరును జనులలోనికి తీసికొనిపోవుటకు లిగౌస్కీ సంస్థ 1883లో ఒక ఉపాయము పన్నినది. నాటి గురికాండ్రలో అగ్రగణ్యులైన బొగార్డస్, డాక్ కార్వర్‌ల మధ్య ఊరూర 25 పోటీలు ఏర్పాటు చేసినది. ఎక్కువ పోటీలలో కార్వర్ గెలిచినాడు. ఎవరు గెలిచినను సంస్థకు లాభమే. పోటీ జరిగిన ప్రతి ఊరిలోను మట్టి పావురమును జనులు కన్నులార చూచినారు. 1885లో న్యూ ఆర్లియన్స్ నగరములో జాతీయస్థాయి మట్టి పావురపు పోటీ కూడ జరిగినది. అటుపిమ్మట తుపాకులు, తోటాలు, తుపాకి మందు చేయు సంస్థలు ఒక సంఘముగ ఏర్పడి పోటీలను తామే నడుపసాగినవి. గ్రాండ్ అమెరికన్ హాండికాప్ అను గొప్ప పోటీ 1893లో పావురములతోను, 1900లో మొదటిసారి మట్టి బిళ్లలతోను జరిగినది. సంస్థలు నేర్పరులను జీతముపై నియమించి పోటీలకు పంపెడివి. గెలిచినవాని చేతిలోని తుపాకి ఏది, అందులోని తోటా ఏది, మందు ఏది అని మరునాడు ప్రకటనలు వెలువడెడివి. జీతగాండ్రే బహుమతులు తన్నుకొనిపోవుచున్నారని సామాన్య క్రీడాకారులు మొరపెట్టుకొనగ, చివరకు వారిని వేరు తరగతిగ విడదీయవలసి వచ్చినది.

ఈ లోకములోనికి ఆనీ ప్రవేశించిన తీరు నేటికిని కథలు కథలుగ చెప్పుకొందురు. ఐర్లండునుండి బాల్యముననే వలస వచ్చిన ఫ్రాంక్ బట్లర్ ఊరూర తిరిగి గురి ప్రదర్శించు వృత్తికాడు. సిన్‌సినాటి ప్రాంతములో ఎవరితోనైన 100 డాలర్ల పందెమునకు సిద్ధమని అతడు సవాలు చేసినాడు. ఎదుట నిలిచినది అయిదడుగుల ఎత్తు మించని పల్లె పడుచు. ఫ్రాంక్ 25వ గురి తప్పినాడు. ఆనీ ఇరువదియైదును కొట్టినది. ఓడిన పురుషుడు అలుగుట లోకసహజము. అతడు అలుగలేదు. ఆమెను గౌరవించినాడు, 1882లో వివాహమాడినాడు. అదే సంవత్సరము తన జతగాడు జబ్బుపడగ ఆమెను వేదిక ఎక్కించినాడు. ఓక్లీ అను రంగస్థల నామము అప్పుడే వచ్చినది. కొలదికాలమునకే జనులు చూడవచ్చుచున్నది ఆమెనే అని అతడు గ్రహించి, తాను వెనుకకు తగ్గి ఆమెకు కార్యనిర్వాహకుడైనాడు. చదువు సరిగ అబ్బని ఆమెకు చదువు నేర్చుకొనుటలోను తోడ్పడినాడు. నలువదేండ్లకు మించిన వారి దాంపత్యములో ఇట్టి సఖ్యత కడవరకు నిలిచినది.

1884లో మిన్నెసోటా రాష్ట్రపు సెయింట్ పాల్ నగరములో ఆమె ప్రదర్శనను సిట్టింగ్ బుల్ చూచినాడు. తన భూమికొరకు అమెరికా సైన్యమును ఎదిరించిన లకోటా ఆదివాసుల నాయకుడాయన. ఆమె గురికి ముగ్ధుడై కుమార్తెగ స్వీకరించి, తమ భాషలో గురి తప్పని చిన్నది అను అర్థము గల పేరు పెట్టినాడు. 1885లో బఫెలో బిల్ అను ప్రదర్శనకారుని బృందమునుండి బొగార్డస్ వెడలిపోగ ఆ స్థానమునకు ఆనీ వచ్చినది. స్త్రీ ఆ భారమును మోయగలదా అను శంక ఉండెను. అదే సంవత్సరము సిన్‌సినాటిలో ఆమె తొమ్మిది గంటలలో 5,000 గాజు బంతులకు గురిపెట్టి 4,772 పగులగొట్టినది. తుపాకులను తానే నింపుకొన్నది. ఆ తరువాత శంకకు తావులేకపోయినది.

వేదికపై ఆమె అద్దములో చూచుచు వెనుకకు కాల్చెడిది. పేకముక్కను అంచున నిలిపి చీల్చెడిది. ఇంత చేసినను ఒంటినిండ బట్ట, మోకాలు దిగిన పావడా, మితమైన మాట, బృందములోని కల్లోలమునకు దూరముగ తన గుడారములో మత గ్రంథ పఠనము, కుట్టుపని. సంపాదనలో భాగమును తల్లికి పంపెడిది. జనుల కన్నుల ఎదుట జీవించుచునే జనుల నోళ్లలో పడకుండ జీవించుట ఎట్లో ఆమె ఆచరించి చూపినది.

1887లో విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవ సందర్భమున ఆ బృందము లండనుకు పోయినది. రాణి స్వయముగ మే 11వ తేదీన వచ్చి ప్రదర్శన చూచినది. అయితే లండను పావురపు పోటీలలో ఆనీకి మొదట తడబాటు కలిగినది. అక్కడి పావురములు మిక్కిలి వేగము గలవి. ఆమె తెచ్చుకొన్న అమెరికా తుపాకులు ఆమె శరీరమునకు బరువైనవి. చార్లెస్ లాంకాస్టర్ సంస్థ అధిపతి హెన్రీ థార్న్ ఈ లోపమును కనిపెట్టినాడు. ఆమె భుజము, చేతి పొడవు కొలిచి, తేలికయైన తుపాకులు చేయించి ఇచ్చి, తన మైదానములో సాధన చేయించినాడు. దర్జీ బట్టను మనిషికి కొలిచి కుట్టినట్లు తుపాకి మడమను కూడ మనిషికి కొలిచి చేయవలెనను విద్య అది. తడబాటు తీరి ఆమె లండను గన్ క్లబ్బువారి పతకమును అందుకొన్నది. లాంకాస్టర్ తుపాకికి అంతకంటె మేలైన ప్రకటన వేరొకటి ఉండదని మనము ఊహింపవచ్చును.

అటుపై తయారీదారులందరి దృష్టి ఆమెపై పడినది. పార్కర్, మార్లిన్, స్టీవెన్స్, వించెస్టర్, లాంకాస్టర్ మున్నగు ఎన్నో సంస్థల తుపాకులు ఆమె చేతిలో మెరసినవి. ఇంటి ఆడవారు కూడ సులభముగ వాడగలరని కొనువారిని ఒప్పించుటకు స్త్రీ చేయి కంటె మంచి సాధనము లేదు. వించెస్టర్ సంస్థ తరువాతి కాలములో అడాల్ఫ్ టాపర్‌వైన్‌ను, అతని భార్య ప్లింకీని ఉద్యోగులుగ నియమించి దేశమంతట త్రిప్పినది. 1901లో ఫ్రాంక్ బట్లర్ కూడ యూనియన్ మెటాలిక్ కార్ట్రిడ్జ్ అను తోటాల సంస్థకు ప్రతినిధియైనాడు. ఆనీ అతనితో గన్ క్లబ్బులకు పోయి గురి చూపెడిది. 1914లో డ్యూపాంట్ సంస్థ, తాను వాడిన తుపాకి మందులను గూర్చి ఆమె వ్రాసిన చిన్న పుస్తకమును ప్రచురించినది.

ఇట్లు వ్యాపార ప్రపంచము నడిబొడ్డున నిలిచిన ఆమె ఒక విషయములో మాత్రము కట్టుబడియుండెను. తుపాకులు పలువిధములు, మనుషుల చేతులును పలువిధములు, ఫలానా తయారీదారుని తుపాకియే అన్నింటికంటె గొప్పదని చాటుట సంకుచిత బుద్ధి అగునని ఆమె అభిప్రాయము. ఎవరి తుపాకి తనకు కుదిరినదో దానిని వాడినది. బాగున్న దానిని బాగున్నదన్నది. తన గురిని చూపి సరుకు అమ్ముకొనుటకు వ్యాపారులకు అభ్యంతరము చెప్పలేదు. తన నోటితో అసత్యము మాత్రము చెప్పలేదు. విద్యకు కూలి తీసికొనుట తప్పు కాదు. మాటకు కూలి తీసికొనునప్పుడే మనిషి జారిపోవును. ఈ రెండింటి మధ్యనున్న గీటును ఆమె ఎన్నడును దాటలేదు.

1901 అక్టోబరులో ఆ బృందము ప్రయాణించుచున్న రైలు ఉత్తర కరొలినాలో ప్రమాదమునకు గురియైనది. ఆ తరువాత ఆమె బఫెలో బిల్ బృందమును విడిచినది. అంతకంటె పెద్ద దెబ్బ 1903 ఆగస్టులో తగిలినది. ఆనీ ఓక్లీ మత్తుమందుకు బానిసయై, దానిని కొనుటకు దొంగతనము చేసి షికాగో జైలుపాలైనదని హర్స్ట్ పత్రికలు ప్రకటించినవి. నిజమునకు పట్టుబడినది ఆ పేరు పెట్టుకొని తిరిగిన వేరొక నాటక స్త్రీ. విచారింపకయే దేశమందలి పత్రికలు ఆ వార్తను ఎత్తి వ్రాసినవి. నలుబదియేండ్ల నిష్ఠ ఒక్క ఉదయమున బూడిదయైనది.

ఆమె ఏమి చేయవలెను? కాలము గడచిన లోకము మరచును, ఊరకుండుము అని హితులు చెప్పుట సహజము. పలు పత్రికలు తప్పు ఒప్పుకొని సవరణలు ప్రకటించినవి. ఆమె దానితో తృప్తి చెందలేదు. ఒక్కటి కాదు, 55 పత్రికలపై పరువునష్టపు దావాలు వేసినది. ఊరూర కోర్టు మెట్లెక్కి, బోనులో నిలిచి సాక్ష్యమిచ్చినది. ఆమె పుట్టినచోట ఏదైన మచ్చ దొరకునేమో అని హర్స్ట్ వేగులవానిని డార్క్ కౌంటీకి పంపినాడు. వాడు రిక్తహస్తములతో తిరిగిపోయినాడు. సుమారు ఏడేండ్లు సాగిన ఆ పోరాటములో 54 దావాలు ఆమెకు అనుకూలముగ ముగిసినవి. వచ్చిన పరిహారముకంటె ఆమె పెట్టిన ఖర్చు అధికము. ఆ ఏండ్లలో పోగొట్టుకొన్న ప్రదర్శనల ఆదాయము దానికి అదనము. లెక్క చూచు వ్యాపారికి ఇది నష్టపు బేరము. డబ్బుకొరకు ఆమె కోర్టుకు పోలేదను మాటకు ఇంతకంటె ఋజువు ఏమి కావలెను? ఉర్దూలో ఇజ్జత్ అన్నను, తెలుగులో పరువన్నను ఒక్కటే. దానికి ధర కట్టు త్రాసు బజారులో లేదు.

స్త్రీ తన్ను తాను రక్షించుకొనగలిగియుండవలెనని ఆమె దృఢవిశ్వాసము. 1898లో స్పెయిన్‌తో యుద్ధము సమీపింపగ, సొంత తుపాకులు, తోటాలు తెచ్చుకొను 50 మంది స్త్రీ గురికత్తెలను సమకూర్తునని అధ్యక్షుడు మెకిన్లీకి లేఖ వ్రాసినది. ప్రభుత్వము అంగీకరింపలేదు. ఆమె నిరుత్సాహపడక స్త్రీలకు గురి నేర్పుటలో మునిగినది. ఉత్తర కరొలినాలోని పైన్‌హర్స్ట్‌లో ఫీజు తీసికొనక బోధించినది. జీవితకాలములో ఆమె వద్ద నేర్చినవారు వేలకొలది. మొదటి ప్రపంచయుద్ధ కాలమున సైనిక శిబిరములకు సొంత ఖర్చుతో పోయి సైనికులకు గురి చూపినది. ఫ్రాంక్, వారి కుక్క డేవ్ వెంట నుండిరి. తన బంగారు పతకములను కరిగించి ఆ సొమ్మును ధర్మకార్యములకు ఇచ్చినదని చెప్పుదురు. 62 ఏండ్ల వయస్సులో, 1922లో, 16 గజముల దూరమునుండి వరుసగ 100 మట్టి బిళ్లలను పగులగొట్టినది. ఆ యేటి చివర మోటారు ప్రమాదమున కాలు దెబ్బతినగ ఇనుప పట్టాతో నడవవలసి వచ్చినను తుపాకి విడువలేదు.

1926 నవంబరు 3వ తేదీన, బాల్యమున తాను వేట అమ్ముకొన్న గ్రీన్‌విల్ పట్టణములోనే ఆనీ తనువు చాలించినది. పదునెనిమిది దినములకు, నవంబరు 21వ తేదీన, ఫ్రాంక్ బట్లర్ కూడ ఆమెను అనుసరించినాడు.

మరణానంతరము కూడ లోకము ఆమె పేరును వాడుకొనుట మానలేదు. రంధ్రము పొడిచి ఇచ్చు ఉచిత నాటక టిక్కెట్టు, ఆమె తూట్లుపొడిచిన పేకముక్కను పోలియుండుటచే అమెరికా నాటకశాలలవారు దానికి ఆనీ ఓక్లీ అనియే పేరు పెట్టినారు. 1946లో న్యూయార్కు రంగస్థలమున ఆమె కథపై ఒక సంగీత నాటకము వెలసి మిక్కిలి ప్రజాదరణ పొందినది. అందులోని నాయిక ప్రియుని మనస్సు గెలుచుటకు పోటీలో కావలెననియే ఓడిపోవును. జరిగిన కథ వేరు. నిజమైన ఆనీ ఓడలేదు. నిజమైన ఫ్రాంక్ ఆమె ఓటమిని కోరలేదు. స్త్రీ ఓడినగాని ప్రేమకు అర్హురాలు కాదను భావము లోకములో ఎంత లోతుగ పాతుకొనియున్నదో ఆ నాటకము తెలుపుచున్నది. బ్రతికియుండిన ఆనీ దానిపై 56వ దావా వేసియుండునేమో అని మాకు తోచును.

ట్రాప్ షూటింగు నేడు ఒలింపిక్ క్రీడ. స్త్రీలకు ప్రత్యేకముగ ట్రాప్ పోటీ 2000 సిడ్నీ ఒలింపిక్సులో మొదలైనది. మన తెలుగునాటి వారును గురి క్రీడలలో వెనుకబడలేదు. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012 లండను ఒలింపిక్సులో రైఫిలు పోటీలో కాంస్యము తెచ్చినాడు. అదే నగరపు కైనన్ చెనాయ్ 2016లో రియోలో ట్రాప్ పోటీలో పాల్గొన్నాడు. ఈషా సింగ్ 2024లో పారిస్‌లో పిస్టలు పట్టినది.

కాని మా విద్యార్థినులు తుపాకి పట్టవలెనని మేము ఈ కథ చెప్పలేదు. మన ప్రాంతమున ఎందరో తల్లులు కుట్టుమిషను త్రొక్కి, పలకల పనిలో దుమ్ము మ్రింగి బిడ్డలను కళాశాలకు పంపుచున్నారు. ఆ బిడ్డలు రేపు ఏ విద్యలోనో నేర్పు సాధించి బయటికి పోవుదురు. వారి నేర్పును కొనువారు తప్పక వచ్చెదరు, అది మంచిదే. కొందరు దానితోపాటు వారి మాటను, పేరును కూడ బేరమాడెదరు. అట్టివేళ డార్క్ కౌంటీ పేదరాలి బిడ్డ జ్ఞప్తికి వచ్చుగాక. పేరునకు మచ్చ తెచ్చువారు ఎదురైనప్పుడు, నష్టము వచ్చినను వెనుదీయక సత్యమును స్థాపించు ధైర్యము వారికి కలుగుగాక అని మా ఆకాంక్ష.